కలకత్తా బూట్లు

ఎనభై రెండో సంవత్సరం, ఆషాఢమాసం. పురానాపూల్ అవతలి సందులో ఉన్న చిన్న చర్చి గుమ్మంలో, ఆదివారం పొద్దున, ఆరడుగుల మూడంగుళాల మనిషి ఒకడు బూట్లు విప్పడానికి తటపటాయిస్తూ నిలబడ్డాడు.

అందరూ చెప్పులు బయట విడిచి, లోపల పరిచిన జంపఖానాల మీద కూర్చునే చర్చి అది. గుమ్మం దగ్గర నిలబడ్డ సంఘ పెద్ద ఒకసారి సైగ చేశాడు, రెండోసారి వేలితో బూట్లు చూపించాడు. ఆ మనిషి తల అడ్డంగా ఊపి, దండం పెట్టి, ఏదో ఇంగ్లీషులో బతిమాలుకున్నాడు. పక్కనే ఉన్న అతని దోస్తు మాత్రం ఎప్పుడో బూట్లు విప్పేసి, వచ్చిన వాళ్ళందరికీ పెళ్ళివారిలా "వందనాలు, వందనాలు" అని చెబుతున్నాడు.

"పొగరు," అంది లోపల్నుంచి ఒక గొంతు. "దేవుని మందిరంల గూడ బూట్లిప్పడా?"

సీమోను చివరి వరసలో, గుమ్మానికి ఆనుకుని కూర్చున్నాడు. అది అతని ఖాయమైన చోటు. చెప్పులు కుట్టేవాడికి చెప్పుల పక్కనే చోటని నవ్వుతూ అంటాడు గాని, అసలు సంగతి వేరు. అక్కడ కూర్చుంటే విడిచిన చెప్పులన్నీ కనిపిస్తాయి. ఎవరి మడమ ఏ పక్క అరిగిందో, ఎవరికి మోకాలి నొప్పి మొదలైందో, ఎవరు అల్లుడి చెప్పులు తొడుక్కొచ్చారో సీమోను చూసి చెప్పగలడు. ప్రసంగం బాగుంటే ప్రసంగం వింటాడు. లేకపోతే చెప్పులు చదువుకుంటాడు.

పొగరన్న మాట భాష రాకపోయినా అర్థమైనట్టుంది ఆ మనిషికి. మెట్టు మీద కూర్చుని, లేసులు పూర్తిగా వదులు చేసి, ఒక్కొక్క బూటే నిదానంగా లాగాడు. మేజోడు సగం వచ్చి ఆగింది. వేలికి అతుక్కుపోయింది. అతను కళ్ళు మూసుకుని ఒక్క లాగు లాగాడు.

అప్పుడు చూశాడు సీమోను. రెండు బొటనవేళ్ళ గోళ్ళ కిందా నెత్తురు గడ్డకట్టి ఉంది. చిటికెన వేళ్ళ మీద చర్మం లేదు. మిగిలిన వేళ్ళు విప్పుకోవడం మరిచిపోయినట్టు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఆ మనిషి లోపలికి వచ్చి, పాదాలు పంచెలోనో దుప్పటిలోనో దాచుకునే వీలు లేక, పాటల పుస్తకం తెరిచి వాటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ రోజు పాస్టరు గారు ఏం చెప్పారో సీమోనుకు ఒక్క ముక్క ఎక్కలేదు.

ఆ ఇద్దరి సంగతీ పాతబస్తీలో తెలియని వాళ్ళు లేరు. ఘానా దేశపు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు. ఈ సీజనుకని మూసీ స్పోర్టింగ్ క్లబ్బు వాళ్ళు పిలిపించారు. వందనాలు చెప్పినవాడు కోఫీ, గోలుకీపరు. వచ్చిన నెలలోనే మిరపకాయ బజ్జీలు తినడం, "క్యా మియాఁ, ఖైరియత్?" అని పలకరించడం నేర్చేసుకున్నాడు. రెండోవాడు క్వామె, ఫార్వర్డు. అతను ఇక్కడికి వచ్చి ఏమీ చేసినట్టు ఎవరికీ తెలియదు. మూడు మ్యాచీలు ఆడి ఒక్క గోలూ కొట్టలేదు. బంతి వెంట పది అడుగులు వేసి ఆగిపోతాడు. "ఆకాశమంత మనిషి, ఆవగింజంత ఆట" అని అఫ్జల్‌గంజ్ చాయ్ హోటళ్ళలో ఒకటే నవ్వు. ప్రహరీ అవతల నిలబడి చూసిన సీమోను కూడా నవ్వాడు. అందుకే ఇప్పుడు అతనికి సిగ్గుగా ఉంది.

ప్రార్థన అయ్యాక కూతుర్ని వెంటబెట్టుకుని వాళ్ళ దగ్గరికి పోయాడు. విమల పెద్దాసుపత్రిలో నర్సు, ఇంగ్లీషు వచ్చు.

"బిడ్డా, గాయన్ను అడుగు. ఏ బూట్లేసుకుని ఆడుతుండు?"

క్వామె నవ్వి, క్లబ్బు వాళ్ళు చాలా మంచి బూట్లిచ్చారన్నాడు. కోఫీ ఊరుకోలేదు. "చిన్నవి! రెండు సైజులు చిన్నవి!" అని వేళ్ళు చూపించాడు. క్వామె వాళ్ళ భాషలో గసిరాడు గాని, అప్పటికే నోటి మాట దాటిపోయింది. ఇక చెప్పక తప్పలేదు.

అతను ఆడే సొంత బూట్లున్న ట్రంకు పెట్టె బొంబాయిలోనే ఎక్కడో పోయింది. నాంపల్లి స్టేషన్లో దిగగానే క్లబ్బు ప్రెసిడెంటు జగన్నాథరావు గారు బాజాలు పెట్టించి, దండలు వేసి, వెండి పళ్ళెంలో పూల మధ్య బూట్లు పెట్టి ఇచ్చారు. కలకత్తా నుంచి ప్రత్యేకంగా తెప్పించిన నల్లబూట్లు. లేసుల కింద ఉండే నాలికల మీద బంగారు రంగు అక్షరాల్లో ఆయన పేరు అచ్చొత్తించారు. ఫోటోలు తీశారు.

"మా ఊళ్ళో పెద్దలు పళ్ళెంలో పెట్టి ఇచ్చింది రెండు చేతులతో తీసుకుంటాం, కొలిచి చూడం అంటున్నడు నాయినా," అంది విమల. "సెక్రెటరీకి ఒక్కసారి చెప్పి చూసిండట. కొత్త బూట్లు గర్వంగ ఉంటయ్, పది దినాలకు సర్దుకుంటయ్ అన్నడట."

"నెల దాటింది గదా?"

"నెల దాటింది. వచ్చే ఆదివారం మ్యాచీల గోల్ కొట్టకుంటే, సోమవారం బొంబాయి రైలెక్కిస్తరట. టికెట్ గూడ తీసిన్రట."

సీమోను గుమ్మం దగ్గరికి పోయాడు. వరసలో ఉన్న క్వామె బూట్లు తీసుకొచ్చి, అతని ముందు పెట్టి, లేసులు తనే వదులు చేశాడు.

మర్నాడు క్లబ్బు మైదానం గేటు బయట సీమోను తన పెట్టె దించాడు. వారానికోసారి వచ్చి టీము బూట్ల అడుగున ఊడిన స్టడ్లు బిగించడం అతని పని. గేటు లోపలికి రమ్మని ఎవరూ అనరు, అతనూ పోడు. సెక్రెటరీ శ్రీహరిరావు గేటు లోపలే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గుంటూరు మనిషి. పగలంతా ఇరిగేషన్ ఆఫీసులో ఫైళ్ళు, సాయంత్రాలన్నీ ఈ క్లబ్బు. చెడ్డవాడు కాదు. ఆ క్లబ్బు కోసం సరిగ్గా భోజనం చేసిన రోజు కూడా ఉండదు. అయితే ప్రెసిడెంటు గారి దగ్గర గొంతు పెగలదు, ఆ గొంతంతా దాచి మిగతావాళ్ళ మీద వాడతాడు.

"ఏమోయ్ సీమోనూ, సమయానికి వచ్చావు. ఈ పట్టీ ఊడింది చూడు," అని చెప్పు విప్పకుండానే కాలు గేటు సందులోంచి బయటికి చాచి సీమోను పెట్టె మీద పెట్టాడు.

సీమోను ఆరెకు దారం ఎక్కించి, కాలికున్న చెప్పును కాలికే ఉంచి కుట్టాడు. నాలుగు కుట్లు పడ్డాక అన్నాడు. "సార్, గా క్వామె సారు బూట్లు చిన్నగున్నయ్ సార్."

"నీకెవరు చెప్పారు?"

"కాళ్ళు చెప్పినయ్ సార్. నేను చూసిన. గోళ్ళు సచ్చిపోయినయ్."

"అవి కలకత్తా బూట్లోయ్. అక్కడ వేలమంది ఆడతారు వాటితో. చెప్పులు కుట్టుకునే నీకు వాటి సంగతేం తెలుసు? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి కథ."

"గాయన ఏమన్లేదు సార్. నేనంటున్న."

"నువ్వంటే నేను ప్రెసిడెంటు గారి దగ్గరికెళ్ళి, అయ్యా తమరి పేరున్న బూట్లు పనికిరావట, ఎవరో చెప్పాడు అనాలా? ఆయన ముఖం మళ్ళీ చూడగలనా నేను?" శ్రీహరిరావు కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఆదివారం చూద్దాం. ఆడితే ఉంటాడు. లేకపోతే దండం పెట్టి పంపించేస్తాం. అంతే."

సీమోను పెట్టె భుజానికెత్తుకుని పురానాపూల్ మీదుగా ఇంటిదారి పట్టాడు. ఆషాఢం గాలి మూసీ మీదుగా వచ్చి మనిషిని పక్కకు తోస్తోంది. చెప్పులు కుట్టుకునే నీకేం తెలుసు అన్న మాట మాత్రం ఎంత గాలికీ పోలేదు. తెలిసింది అదొక్కటే గదా అనుకున్నాడు. బతుకంతా కాళ్ళ దగ్గరే గడిచింది, ఆ కాళ్ళ సంగతి కూడా తెలియదంటే ఇక తాను ఉన్నదెందుకు? వంతెన దాటేసరికి అతనికి బాగా కోపం వచ్చింది, ఆ కోపంలోనే ఏం చెయ్యాలో కూడా తోచింది.

మంగళవారం విమల డ్యూటీ దిగాక ఇద్దరూ కలిసి ఆ ఆటగాళ్ళుండే ఇంటికి పోయారు. పురానాపూల్ దర్వాజా దగ్గర చంద్రమ్మ ఇల్లు. ఆమె కింద ఉంటుంది, పైగది వాళ్ళకిచ్చింది. సీమోనును చూడగానే మొదలుపెట్టింది.

"చూడన్నా, ఒకడేమో నా వంటింట్ల దూరి పచ్చడి జాడీ ఖాళీ చేస్తడు. ఇంకొకడేమో మాట్లాడడు, మెట్టు మెట్టుకు నిలవడతడు. నేను కారం ఎక్కువైందేమో అని ఫికర్ వడి ఉత్త పప్పు గూడ వండిన. మొన్న ఆటోవాడు గీ పోరన్ని పట్టుకొని లొల్లి వెట్టిండు. ఏ.సీ. గార్డ్స్ పోరనివయ్యుండి మా బోలీ రానట్టు చేస్తవా అని! గాయనేమో నవ్వుకుంట నిలవడ్డడు."

సీమోను కూడా నవ్వాడు. ఏ.సీ. గార్డ్స్‌లో ఆఫ్రికా సంతతి వాళ్ళు నిజాం కాలం నుంచీ ఉన్నారు, అచ్చమైన హైదరాబాదీలు. ఆటోవాడి తప్పేం లేదు.

పైగదిలో కిటికీ రెక్కలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. క్వామె లేచి ఆ రెక్కల మధ్య ఒక రాయి పెట్టాడు. ఇంత గాలి తమ ఊళ్ళోనూ ఉంటుంది గాని అది సముద్రం వైపు నుంచి వస్తుందనీ, ఇక్కడ ఎటునుంచి వస్తుందో ఎంత చూసినా తెలియడం లేదనీ విమలతో చెప్పాడు. మైదానంలో బంతి పైకి లేస్తే దాన్ని గాలికి వదులుకోవడమేనట.

సీమోను నేలమీద మఠం వేసుకుని కూర్చుని, పాతగుడ్డ ఒడిలో పరుచుకుని, తొడ మీద తట్టాడు. "పెట్టు సారూ, కాలు."

క్వామె కాలు చాచాడు. సీమోను ఒడి దాకా వచ్చిన కాలు ఆగిపోయి, గబుక్కున వెనక్కి పోయింది. విమలతో ఏదో అన్నాడు.

"నాయినా, నీ ఒళ్ళె కాలు వెట్టడంట. నువ్వు వాళ్ళ తండ్రి ఈడోనివంట."

"మరి కొలత ఎట్ల? ఆకాశం నుంచి తీస్కోవాల్నా?" సీమోను విసుక్కున్నాడు. "ముప్పయ్యేండ్ల సంది గిట్లనే తీస్తున్న. దొడ్డ దొడ్డోళ్ళు వెట్టిన్రు కాళ్ళు."

"వాళ్ళు వెడితే వెట్టిన్రు, నేను వెట్టను అంటున్నడు."

ముప్పయ్యేళ్ళలో ఎన్ని కాళ్ళు ఆ ఒడిలోకి వచ్చాయో లెక్క లేదు. అత్తరు రాసిన కాళ్ళు, బురదకాళ్ళు, గేటు సందులోంచి వచ్చిన కాళ్ళు. ఒక్క కాలూ వెనక్కి పోయింది లేదు. సీమోను తనకు కోపం వచ్చిందనుకున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే గాని అది కోపం కాదని తెలియలేదు. అతనికి సంతోషం వేసింది, ఆ వెంటనే, ఒడిలో కాలు పెట్టకూడదన్న మాట ఇన్నాళ్ళూ తనకే తోచనందుకు చిన్నతనంగా అనిపించింది.

"సరే తియ్యి," అన్నాడు. "పేపరు తీస్కరా బిడ్డా."

నేల మీద పేపరు పరిచి క్వామెను దానిమీద నిలబెట్టారు. గాలికి పేపరు లేస్తుంటే కోఫీ ఒక కొస, విమల ఒక కొస తొక్కిపట్టారు. సీమోను పెన్సిలు నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీశాడు. తర్వాత క్వామె కిందికి దిగి సీమోను పక్కనే కూర్చున్నాడు. కాగితం పట్టీ ఒకటి పాదం చుట్టూ తిప్పి, ఎక్కడ కలిసిందో అక్కడ చిన్నగా చింపి గుర్తు పెట్టుకోవడం సీమోను పద్ధతి. పట్టీ ఇటు కొస సీమోను పట్టుకుంటే అటు కొస క్వామె పట్టుకున్నాడు. పొడవు పన్నెండు అంగుళాలకు ఒక్క గీత తక్కువ. వెడల్పు చూసి సీమోను ఈల వేశాడు.

అన్నీ అయ్యాక క్వామె మళ్ళీ మొదటికొచ్చాడు. వేరే బూట్లు వేసుకోలేనన్నాడు. ప్రతి మ్యాచీకీ ప్రెసిడెంటు గారు మొదటి కుర్చీలో కూర్చుని ముందు తన పేరున్న ఆ బూట్లే చూస్తారు. పేరు కనబడకపోతే పెద్దాయన మనసు నొచ్చుకుంటుంది. అలా నొప్పించడం కంటే రైలెక్కడమే నయమన్నాడు.

సీమోను ఆ బిగుతుబూటు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "గాయనకు గావాల్సింది పేరు గదా. నీకు గావాల్సింది జాగ. నాలికలు ఇప్పి కొత్త బూట్లకు ఎక్కిస్త. పేరు ఆయనది, కాళ్ళు నీవి. ఎవ్వరికీ చెప్పొద్దు."

విమల ఆ మాట ఇంగ్లీషులో చెప్పడం పూర్తి చేసేలోపే కోఫీ చప్పట్లు కొట్టాడు. క్వామె మాత్రం చాలాసేపు ఆలోచించి, ఇది అబద్ధం కిందికి వస్తుందా అని అడిగాడు. వస్తే తన లెక్కలో వేసుకుంటానని సీమోను హామీ ఇచ్చాడు.

బుధవారం పొద్దున అఫ్జల్‌గంజ్ వెళ్ళి మెత్తటి దూడతోలూ, అడుగున అట్టకి మందపు తోలూ ఏరుకొచ్చాడు. అసలు చిక్కు ఫర్మాతో వచ్చింది. పాదం ఆకారంలో ఉండే ఆ కర్ర అచ్చు మీదే బూటు తయారవుతుంది. సీమోను దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద ఫర్మా క్వామె పాదానికి మూడు సైజులు తక్కువ. ఊళ్ళో అంత పెద్దది ఎవరి దగ్గరా లేదు. సీమోను మామిడి చెక్క ముక్క తీసుకుని, కత్తితో చెక్కి, ఫర్మా ముందు భాగానికి మేకులతో బిగించాడు. పక్కలకు తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, పేపరు గీత మీద పెట్టి చూసి, మళ్ళీ చెక్కాడు. సాయంత్రానికి రెండు ఫర్మాలు గీతకు సరిగ్గా వచ్చాయి. వాటిని చూసి పక్క దుకాణం గాజుల బీరయ్య, "ఎవనికే గివి, కుంభకర్ణునికా?" అన్నాడు.

గురువారం తోలు నానబెట్టి, పట్టకారుతో లాగి లాగి ఫర్మా మీద బిగించి, చుట్టూ చిన్న మేకులు కొట్టాడు. ఇక్కడ తొందరపడితే పని పాడు. తడితోలు ఫర్మా మీద పూర్తిగా ఆరాలి. తడి ఉండగా తీస్తే అది ముడుచుకుంటుంది. మళ్ళీ అదే బిగుతు, మళ్ళీ అవే గోళ్ళు. ఎండలో అయితే ఒక రోజు చాలు. కానీ ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. సీమోను ఆకాశం వంక చూసి చూసి మెడ నొప్పి తెచ్చుకున్నాడు. నిప్పుల మీద ఆరబెడితే తోలు పగులుతుంది. శుక్రవారం పొద్దునకి వాన ఆగింది గాని ఎండ లేదు. గాలి మాత్రం మొదలైంది.

రెండు ఫర్మాలనూ చంకలో పెట్టుకుని చంద్రమ్మ దాబా మీదికి ఎక్కాడు. నదివైపు పిట్టగోడ దగ్గర దండేనికి వాటిని వేలాడగట్టాడు. కుక్క ఎక్కకుండా చంద్రమ్మ మెట్ల దగ్గర పీట వేసుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది. విమల కట్టిన కట్లతో, నడవొద్దన్న ఆజ్ఞతో, క్వామె వాటి పక్కనే గోడకానుకుని కూర్చున్నాడు. ప్రాక్టీసుకు రాలేదని శ్రీహరిరావు కోపంతో మనిషిని పంపాడు. ఆ మనిషికి చంద్రమ్మ కిందనుంచే జవాబు చెప్పి పంపేసింది.

రోజంతా గాలి ఆ బూట్లను ఊపుతూనే ఉంది. క్వామె వేలు తడిపి ఎత్తి పట్టుకుని గాలి ఎటునుంచి వస్తోందో చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం పడమటి నుంచి, నాలుగింటికి కొంచెం వాయవ్యానికి తిరిగి, తెరలు తెరలుగా వస్తుందని సాయంత్రానికి తేల్చాడు. తెరకూ తెరకూ మధ్య ఎంతసేపు ఆగుతుందో కూడా అంకెలు లెక్కపెట్టి చూశాడు. అప్పటికి సీమోను వచ్చి, గోటితో తోలు మీద తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆరిన తోలు ఎండు కొబ్బరి చిప్పలా పలుకుతుంది. పలికింది.

శనివారం అట్టలు కుట్టాడు, స్టడ్లు కొట్టాడు, నాలికలు విప్పి ఎక్కించాడు. దీపాల వేళకు బూట్లు క్వామె చేతిలో పెట్టాడు. క్వామె రెండు చేతులతో తీసుకుని, తొడుక్కుని, లోపల వేళ్ళు కదిపి చూసుకున్నాడు. వేళ్ళు విప్పుకున్నాయి. అతను గదిలో నాలుగు మూలలకూ నడిచాడు. ఒక్క మూల దగ్గరా ఆగలేదు.

ఆదివారం నాలుగింటికి మైదానం నిండిపోయింది. ఎదుటిది మిలిటరీ వాళ్ళ జట్టు, గట్టి పిండాలు. సీమోను ప్రహరీ బయట తన పెట్టె మీద ఎక్కి నిలబడ్డాడు. పక్కన విమల. జగన్నాథరావు గారు మొదటి కుర్చీలో కూర్చుని, క్వామె బూట్ల మీద తన పేరు చూసుకుని, తృప్తిగా పక్కకు తిరిగారు.

మొదటి సగం చూస్తుంటే సీమోనుకు ప్రాణం పోయినంత పనైంది. క్వామె పది అడుగులు వేసి మళ్ళీ ఆగుతున్నాడు. బూట్లు మారాయి గాని కాళ్ళకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. నెలరోజుల నొప్పి వాటికి భయం నేర్పింది. మిలిటరీ వాళ్ళు గోలు కొట్టారు. జనం ఆవగింజ పాట మొదలుపెట్టారు. సగం ఆట అయ్యేసరికి శ్రీహరిరావు లేచి, పక్కవాడితో రైలు వేళ గురించి మాట్లాడుతున్నాడు.

"ఉర్కు సారూ!" గోడ మీంచి అరిచాడు సీమోను. "బూట్లు ఇగ కరువయ్! నా మాట నమ్ము, ఉర్కు!"

తెలుగులో అరిచాడు. క్వామె తల తిప్పి చూశాడు. ఆ ముఖం అర్థం కావడానికి భాష ఎందుకు?

రెండో సగంలో గాలి ఎదురైంది. మిలిటరీ వాళ్ళు ధైర్యంగా ముందుకొచ్చేశారు, మూసీ వాళ్ళు బంతిని పైకి తన్నితే అది తిరిగి వాళ్ళ దగ్గరికే వస్తోంది. కోఫీ ఒకసారి తన్నిన బంతి సగం దూరం పోయి, గాలికి వెనక్కి వచ్చి అతని తల మీదుగానే పోబోయింది. అప్పుడు క్వామె వెనక్కి నడిచొచ్చి, కోఫీతో రెండు మాటలు చెప్పి, అరచేయి నేలకేసి చూపించాడు. ఆ తర్వాత బంతి నేల విడవలేదు. కోఫీ దాన్ని చేత్తో దొర్లించాడు. క్వామె అందుకున్నాడు.

పది అడుగులు వేశాడు. పదకొండో అడుగు పడింది. పన్నెండోది పడింది. ఇక లెక్క తప్పిపోయింది. అంత పెద్ద మనిషి అంత తేలిగ్గా పరిగెత్తడం ఆ మైదానంలో ఎవరూ చూసి ఎరగరు. బంతి కాలికి కట్టేసినట్టు, జానెడు దూరం పోకుండా, నేలబారున వస్తోంది. ఒకణ్ణి కుడిపక్క నుంచి దాటాడు, ఇంకొకణ్ణి నిలబెట్టి దాటాడు. గోలు ముందు ఒక్క క్షణం బంతి మీద కాలు పెట్టి ఆగాడు. జనం అయ్యో అన్నారు. నొప్పికి ఆగలేదు అతను, గాలి తెర తగ్గడం కోసం ఆగాడు. తగ్గింది. తన్నాడు. మిలిటరీ గోలుకీపరు వంగేసరికి బంతి వలలో ఉంది.

విమల తండ్రి చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. ఆవగింజ పాట పాడిన గొంతులే "వా రే క్వామె భాయ్!" అని అరిచాయి. ఇంకో ఐదు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా క్వామె మళ్ళీ అదే దోవన వచ్చాడు. ఈసారి ముగ్గురు అతని మీదికొస్తే, వాళ్ళను తన చుట్టూ పోగుచేసుకుని, ఖాళీగా ఉన్న తన జట్టువాడికి బంతి నెమ్మదిగా అందించాడు. ఆ కుర్రాడు కళ్ళు మూసుకుని తన్నినా గోలే. తాను కొట్టగలిగింది ఇంకొకడికి ఇచ్చాడు చూడు, అదీ ఆటంటే అనుకున్నాడు సీమోను.

ఆట అయ్యాక జగన్నాథరావు గారు మైదానంలోకి వచ్చారు. క్వామెను కుర్చీలో కూర్చోబెట్టి, జేబురుమాలు తీసి, బూటు నాలిక మీద బురద స్వయంగా తుడిచారు, ఫోటోలో పేరు పడాలి కదా. మైకు అందుకుని, "కలకత్తా బూట్లంటే ఏమనుకున్నారు! సామాను మంచిదైతే ఆట దానంతటదే వస్తుంది!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. గోడ అవతల సీమోను కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంటికి పోతుంటే వంతెన మీద ఆ నవ్వు అయిపోయింది. క్వామె ఉంటాడు, అది చాలు అనుకున్నాడు. కానీ చాలలేదు. ఒక్కరైనా, ఒక్క ముక్కైనా అంటే బాగుండేదనిపించింది.

"చెప్పు నాయినా," అంది విమల. "నేను కుట్టిన అని చెప్తె ఏమైతది?"

"ఏమైతది? పెద్దాయన పదిమందిల చిన్నగైతడు. గా పోరనికి ముప్పు. ఊకో బిడ్డా."

సోమవారం పొద్దున దర్వాజా దగ్గర సీమోను డబ్బాకొట్టు ముందు రిక్షా ఆగింది. శ్రీహరిరావు దిగాడు, వెనకాలే క్వామె దిగాడు. శ్రీహరిరావు చేతిలో పేపరు పొట్లం ఉంది. అతను దాన్ని విప్పి, ఆ బూట్లు తీసి జాగ్రత్తగా సీమోను ముందు పెట్టాడు.

"ఇదిగో సీమోనూ, ప్రెసిడెంటు గారు టీముకంతా ఇలాంటివే కావాలంటున్నారు. కలకత్తాకి రాసి తెప్పించేసరికి సీజను అయిపోతుంది. నువ్వు వీటిని చూసి చెయ్యగలవేమో చూడు. అచ్చంగా ఇలాగే రానక్కర్లేదు, నీ చేతనైనంతలో దగ్గర దగ్గరగా వస్తే చాలు. ఈ అట్ట చూడు, ఈ స్టడ్లు చూడు. పనితనమంటే ఇదీ! నేర్చుకో."

క్వామెకు మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. అతని ముఖం మారింది, నోరు తెరిచాడు. సీమోను ఒక్క చూపు చూశాడు. క్వామె నోరు మూసుకున్నాడు గాని, నిలబడి ఉండలేకపోయాడు. వచ్చి, సీమోను పక్కన గోనెపట్టా మీద, తోలు ముక్కల మధ్య, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"అరెరె, అక్కడ కూర్చుంటావేమిటయ్యా, లే లే," అన్నాడు శ్రీహరిరావు. క్వామె లేవలేదు.

సీమోను ఎడమ బూటు తీసుకుని, వెలుతురుకు పట్టి, పరాయి పని చూసినట్టు చూశాడు. చాలాసేపు చూశాడు.

"మంచిగనే చేసిండు సార్," అన్నాడు. "కాని ఇగో, మడమ కాడ మూడు కుట్లు తొందర్ల వేసిండు. చూడున్రి, ఎడం ఎక్కువైంది. నేను చేస్తె గిట్ల ఇడిచిపెట్ట."

"కలకత్తావాడి పనికి వంక పెడుతున్నావటోయ్?"

"ఉన్నదే చెప్తున్న సార్."

శ్రీహరిరావు కళ్ళద్దాలు సర్దుకుని వంగాడు. బూటు చేతిలోకి తీసుకుని వేలితో కుట్లు తడిమి చూశాడు. నిజమే, మూడు కుట్లు, మిగతావాటికంటే ఎడంగా ఉన్నాయి. కళ్ళకు అంత దగ్గరగా పెట్టుకుని చూస్తే గాని దొరకవు.

"ఆశ్చర్యంగా ఉందే! ఇంత బాగా చేసినవాడు ఇక్కడికొచ్చి ఎందుకు తొందరపడ్డాడంటావు?"

సీమోను దారానికి మైనం రాసుకుంటున్నాడు.

"శనివారం పొద్దుగూకింది సార్," అన్నాడు తల ఎత్తకుండా.

శ్రీహరిరావు చేతిలో బూటు చేతిలోనే ఉండిపోయింది.